ఉప్పు పండే ఊరిలో ఉప్పు కొలత

(ఆలయ జీర్ణోద్ధరణ పనులు ముగింపునకు వచ్చిన తరుణంలో, ముఖమండపంలో జరిగిన దాతల సమావేశమున ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ పెద్దలు నన్ను ఆదేశించారు. ఇటువంటి సభలలో దేహాన్ని దేవాలయంతో పోల్చి ప్రసంగం మొదలుపెట్టడం ఉపన్యాసకులకు పరిపాటి. నేనూ ఆ పోలికతోనే మొదలుపెడతాను. అయితే ఆ పోలికను శాస్త్రాలలో వెదకవలసిన పని నాకు పడలేదు. ఈ మండపం పాత కప్పును పగలగొట్టిన రోజున మేస్త్రీగారే దానిని నా చేతిలో పెట్టారు.

ఆ రోజు ఆయన కాంక్రీటు పెళ్లలో నుండి ఒక ఇనుప చువ్వను లాగి చూపించారు. వేలి లావున వేసిన చువ్వ దర్భపుల్లంత మిగిలినది. మిగతాది ఎర్రని పొడి. "పైకి బీట కనిపించీసరికి లోపల అంతా అయిపోనాదండి బాబూ" అన్నారాయన. సముద్రపు గాలిలోని ఉప్పు, కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా ఏళ్ల తరబడి లోపలికి దిగి చువ్వను చేరుతుంది. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును లోపలి నుండి పగులగొడుతుంది. మనం భజనలు చేసుకుంటూ, ఉత్సవాలు జరుపుకుంటూ ఆ కప్పు క్రిందనే ఇన్నాళ్లు కూర్చున్నాము. ఒక్క చప్పుడు కూడా వినలేదు.

నలభై ఏళ్లకు పైగా వైద్యవృత్తిలో ఉండి రోగులకు అధిక రక్తపోటు గురించి నేను చెప్పిన మాటలన్నీ ఆ ఒక్క చువ్వ చెప్పినంత స్పష్టంగా లేవని నాకు ఆనాడు అనిపించింది. అందువలన ఈ రోజు ఆహారం, వ్యాయామం, రోగనివారణ అని విడివిడిగా ఏకరువు పెట్టక, మన ఊరికి పేరు తెచ్చిన ఉప్పును పట్టుకునే మాట్లాడతాను. మిగిలినవి దాని వెంట అవే వస్తాయి.

నౌపడ పేరు చెబితే మన రాష్ట్రంలో ఉప్పు గుర్తుకు వస్తుంది. ఉప్పుటేరు నుండి మడులలోనికి నీరు పెట్టడం, ఎండకు అది చిక్కబడడం, తెల్లని పలుకులు తేలడం, వాటిని గట్లపై కుప్పలు పోయడం మనం పుట్టిననాటి నుండి చూస్తున్నదే. 1930లో గాంధీజీ పిలుపునందుకుని ఈ తీరమంతా ఉప్పు సత్యాగ్రహానికి కదిలినది. మన జిల్లావాసి సర్దార్ గౌతు లచ్చన్నగారు ఇరవై యేళ్ల ప్రాయంలో ఆ ఉద్యమంలో చేరి కారాగారానికి వెళ్లారు. ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట మనకు వట్టి సామెత కాదు, మన ఇళ్లలో పొయ్యి వెలిగినదే ఉప్పు వలన. కనుక నేను ఉప్పును నిందించడానికి ఈ వేదిక ఎక్కలేదు. మా నాన్నగారు ఉప్పు కొఠారులో గుమస్తా. ఆ జీతంతోనే నేను వైద్యుడినయ్యాను.

ఆయన సంగతి చెప్పవలసియున్నది. నాన్నగారు బలిష్ఠులు. రోజూ మడుల గట్ల వెంట మైళ్లకొలది నడిచేవారు. పొగ త్రాగరు, మరే వ్యసనమూ లేదు. భోజనానికి కూర్చుంటే మాత్రం విస్తరిలో ఉప్పు పలుకులు మొదట పడవలసినదే. మజ్జిగ అన్నంలోకి ఆవకాయ, దాని మీద మళ్లీ చిటికెడు. నేను వైద్యకళాశాలలో నాలుగవ సంవత్సరం చదువుతున్నప్పుడు దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. నా పెట్టెలో కొత్తగా కొనుక్కున్న రక్తపోటు పరికరం ఉన్నది. వార్డులో వందలమందికి చూసి చేయి తిరిగినవాడిని. ఇరుగుపొరుగువారు సరదాపడితే వారికీ చూశాను. నాన్నగారికి చూడలేదు. ఆయన చేయి చాచమని అడగడానికి నాకు సంకోచం, నిండుగా తిరుగుతున్న మనిషికి రోగమేమిటన్న భరోసా. ఆయనా అడగలేదు. సంక్రాంతికి పది రోజుల ముందు, లెక్కల పుస్తకం వ్రాస్తూ కుడిచేయి జారిపోయింది, మాట పడిపోయింది. తరువాత ఆయన పదకొండు రోజులు ఉన్నారు. మొదటిసారి ఆయన చేతికి ఆ పట్టీ కట్టినది ఆ పదకొండు రోజులలోనే. ఆయన వయస్సు 54.

ఈ సంగతి నేను సభలలో చెప్పను. ఆ చువ్వను చూసిన తరువాత చెప్పాలనిపించింది.

ఇక శరీరంలో ఉప్పు చేసే పని ఏమిటో చూద్దాము. ఉప్పులోని సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. అవసరానికి మించి తిన్నప్పుడు రక్తనాళాలలో ద్రవం పెరిగి, గోడలపై ఒత్తిడి పెరుగుతుంది. ఆ అదనపు ఉప్పును బయటికి పంపే భారం మూత్రపిండాలది. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో ఒకటిన్నర రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా విడుస్తాయి. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. ఒత్తిడి ఎక్కువైనకొద్దీ ఆ జల్లెడలు ఒక్కటొక్కటే చెడిపోతాయి. చెడినది మళ్లీ పుట్టదు. మెదడులో నాళం పగిలినా పూడినా పక్షవాతం, గుండెకు పోయే నాళం పూడితే గుండెపోటు. ఇంత జరుగుతున్నా చాలమందికి తలనొప్పి అయినా రాదు. "నాకేమీ బాధ లేదు, నాకు బీపీ ఎందుకుంటుంది?" అనేవారికి నేను ఇచ్చే సమాధానం ఒక్కటే: బాధ ఉంటే మనం ఎప్పుడో జాగ్రత్తపడేవారమే.

వయస్సు మళ్లితే రక్తపోటు పెరగడం సహజమని మనమంతా అనుకుంటాము. అది మానవజాతికంతటికీ వర్తించే నియమం కాదని 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అనే పరిశోధన తేల్చి చెప్పినది. 32 దేశాలలో 52 చోట్ల, పదివేలమందికి పైగా మనుషులను పరీక్షించి చేసిన పని అది. మన దేశం నుండి ఢిల్లీ, లడఖ్ అందులో ఉన్నాయి. బ్రెజిల్ అడవులలోని యానోమామి తెగవారు ఉప్పు వేసుకోవడం ఎరుగరు. వారి సగటు రక్తపోటు 95/61 దరిదాపులలో ఉన్నది, వయస్సుతోబాటు అది పెరగడమూ లేదు. వారి జీవితంలో మరెన్నో తేడాలున్నాయి గనుక అంతా ఉప్పు మహిమే అనడం తొందరపాటు. అయినా పెద్దవయస్సుకు రక్తపోటు తప్పదన్న మాట మాత్రం అక్కడ నిలవలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని చెబుతున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలలోనూ హద్దు అదే. మన దేశంలో జరిగిన సర్వేలను చూస్తే మనం తింటున్నది 8 నుండి 11 గ్రాముల వరకు ఉన్నది. 5 గ్రాములంటే తలగొట్టిన ఒక చిన్న చెంచా. కానీ కూరలో, పులుసులో, మజ్జిగలో చిటికెడు చిటికెడుగా పడే ఉప్పును ఏ తల్లి చెంచాతో కొలుస్తుంది? నాకు ఒక సులువైన ఉపాయం తోచినది. ఉప్పు పాకెట్టు విప్పిన రోజున దాని మీద తేదీ వ్రాయండి. ఇంట్లో నలుగురు పెద్దలున్నారనుకుంటే రోజుకు 20 గ్రాములు. కిలో పాకెట్టు 50 రోజులు రావాలి. మా ఇంట్లో మేము ముగ్గురం. నేను ఈ లెక్క మొదలుపెట్టినప్పుడు మా పాకెట్టు 31 రోజులకే అయిపోయింది. ఇతరులకు నీతులు చెప్పే వైద్యుని ఇంటి పరిస్థితి అది. మా శ్రీమతి నన్ను నిలదీసిన మాటలు ఈ సంచికలో అచ్చువేయదగినవి కావు.

పైగా ఆ లెక్కలోనికి ఊరగాయలు రావు. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్లలో పడతాయి. అప్పడం, వడియం, ఊరమిరపకాయ, కొట్టులో కొనే కారపు పొట్లాలు, బిస్కత్తులు, రొట్టె, పిల్లలు మరిగిన నూడుల్సు అన్నీ ఉప్పు దాచుకున్నవే. ఎండుచేపల మాట ఎత్తినందుకు అర్చకస్వాములు క్షమించాలి. సముద్రపుటొడ్డున ఉండి ఆ మాట విడిచిపెడితే నేను సగం ఊరికి అబద్ధం చెప్పినవాడినవుతాను. వాటిని వండే ముందు రెండు మూడు నీళ్లలో నానబెట్టి పారబోస్తే ఉప్పు కొంత తగ్గుతుంది.

సైంధవలవణం వాడుతున్నాము గనుక మాకు భయం లేదని కొందరు ధీమాగా ఉన్నారు. గులాబీ రంగు ఉప్పు కిలోకు ఎంత పెట్టి కొంటున్నారో చెబితే మన ఉప్పు రైతులు ఇక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. రంగు ఏదైనా, ధర ఏదైనా, అందులో ఉన్నది దాదాపు అంతా మన మడులలో పండే సోడియం క్లోరైడే.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. మడి నుండి తెచ్చుకున్న రాళ్ల ఉప్పును నేరుగా వంటకు వాడే ఇళ్లు మనలో ఉన్నాయి. అందులో అయోడిన్ కలపరు. అయోడిన్ లోపిస్తే గొంతువాపు వస్తుంది, గర్భిణికి లోపిస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే మన దేశం 1962లోనే గొంతువాపు నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించినది, అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధం 2006 నుండి మళ్లీ అమలులోనికి వచ్చినది. ఇంటికి చేరే ఉప్పులో పది లక్షల పాళ్లకు కనీసం 15 పాళ్లు అయోడిన్ ఉండాలి. కనుక ఊరి ఉప్పు మీద అభిమానం ఉన్నవారు దానిని ఇతర అవసరాలకు వాడుకోండి. వంటకు అయోడిన్ కలిపిన ఉప్పే వాడండి, కొద్దిగా వాడండి. మూత బిగించిన డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచి, వంట చివరలో వేయండి.

ఉప్పు తగ్గిస్తే రుచి ఏముంటుందని అడుగుతారు. కుంభకోణం దగ్గర తిరునాగేశ్వరంలో ఉప్పిలియప్పన్ అనే పేరుగల పెరుమాళ్లు ఉన్నారు. ఆ దివ్యదేశంలో స్వామివారి నైవేద్యంలో ఉప్పు వేయరు. మార్కండేయ మహర్షి కుమార్తెగా పెరిగిన భూదేవికి చిన్నతనం వలన వంటలో ఉప్పు వేయడం తెలియదని తండ్రి చెప్పగా, ఉప్పు లేని ఆహారమే నాకు ఇష్టమని స్వామి ఆమెను స్వీకరించారని స్థలపురాణం. అంత దూరం వెళ్లనవసరం లేదు. మన జిల్లాలోనే అరసవల్లి సూర్యనారాయణమూర్తిని ఆరోగ్యప్రదాతగా కొలుచుకునేవారిలో ఆదివారం ఉప్పు మానే నియమం గలవారు ఉన్నారు. నియమం మంచిదే. అయితే ఆదివారం మానినదానికి సోమవారం నాడు వడ్డీతో సహా వసూలు చేసుకునేవారిని కూడా నేను ఎరుగుదును. నాలుక ఒక్క రోజులో మారదు. కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే అదే సర్దుకుంటుంది, ఆ తరువాత పాత రుచి నోటికి ఉప్పుకషాయంలా తోస్తుంది. నిమ్మరసం, చింతపండు, మిరియం, ధనియం, కొత్తిమీర మన వంటింట్లో ఉండగా ఉప్పు ఒక్కటే రుచికి దిక్కు కాదు.

ఇంతవరకు నేను చెప్పినది నీడపట్టున కూర్చుని తినే మనవంటివారికి. ఇక మన ఉప్పును పండించేవారి మాట చెప్పాలి. దాతలలో ఉప్పు రైతులు చాలమంది ఉన్నారు గనుక ఈ భాగాన్ని శ్రద్ధగా వినవలసినదిగా ప్రార్థన.

మనకు ఉత్తరాన కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మొదలైన మండలాలతో ఉన్న ఉద్దానం కొబ్బరితో, జీడిమామిడితో, పనసతో పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం మధ్యలో మూత్రపిండాల వ్యాధి ఇల్లిల్లూ తిరుగుతున్నదని 1990వ దశకం నుండి లోకానికి తెలిసినది. మధుమేహం, రక్తపోటు ముందుగా లేనివారికి కూడా, పొలంలో కష్టపడే నడివయస్సువారికి అది వస్తున్నది. నీరు కారణమా, నేలలోని ఖనిజాలా, పురుగుమందులా, ఎండలో చెమటోడ్చడమా, నొప్పి మాత్రలా అని ఎందరో పరిశోధించారు. ఇదీ కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులలో, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కూలీలలో ఇటువంటి వ్యాధే కనిపించినది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి త్రాగునీరు తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైనది. ఉప్పు తగ్గిస్తే ఉద్దానం వ్యాధి రాదని నేను చెప్పడం లేదు, అలా చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే వ్యాధి సోకిన మూత్రపిండం రక్తపోటు అదుపులో ఉంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఆ మాటలో సందేహం లేదు.

మధ్య అమెరికా చెరకు తోటలలో ఒక పని చేసి చూశారు. కూలీలకు త్రాగునీరు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి ఏర్పాటు చేశారు. మూత్రపిండాలకు కలిగే దెబ్బ తగ్గినది. తమిళనాడు ఉప్పు మడులలో జరిగిన పరిశోధనలలో కూడా ఎండవేడిమి, నీరు చాలకపోవడం కార్మికుల మూత్రపిండాలను ఇబ్బంది పెడుతున్నట్లు కనుగొన్నారు. మన మడులలో ఎండ తమిళనాడు ఎండకు తీసిపోయినది కాదు. పైన సూర్యుడు, క్రింద తెల్లని ఉప్పు నుండి తిరిగి కొట్టే వేడి. అక్కడ పనిచేసే తల్లులు పొద్దున ఇంటి నుండి బయలుదేరితే మధ్యాహ్నం దాకా నీరు ముట్టరు. దాహం లేక కాదు. బయటికి వెళ్లడానికి చాటు లేక. ఈ మాట సభలో అనడం మర్యాదా అని నిన్న రాత్రి ఆలోచించాను. అనకుండా ఉండడమే మర్యాద కాదని తోచినది.

ఈ మండపానికి కప్పు వేయడానికి మనమంతా లక్షలు సమర్పించాము. మడుల గట్ల మీద పది మంది నిలువగలిగిన ఒక తాటాకు పందిరి, రెండు నీళ్ల కుండలు, ఒక మరుగుదొడ్డి వేయించడానికి అందులో వెయ్యోవంతు కూడా కాదు. ఎండలో పనిచేసేవారు దాహం వేసేవరకు ఆగకుండా 15, 20 నిమిషాలకొకసారి ఒక గ్లాసు నీరు త్రాగాలి. వారికి మన 5 గ్రాముల లెక్క యథాతథంగా చెప్పకూడదు. చెమటలో ఉప్పు పోతుంది గనుక చిటికెడు ఉప్పు కలిపిన గంజి, తరవాణి, చోడి అంబలి, పలుచని మజ్జిగ వారికి హితమే. రక్తపోటు, మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి త్రాగాలి. ఒళ్లునొప్పులకు సాయంత్రం కొట్టులో కొని మింగే మాత్రల విషయంలో జాగ్రత్త. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి, అందులోనూ ఒంట్లో నీరు తగ్గినప్పుడు, మూత్రపిండాలకు శత్రువులు. రెండు రూపాయల మాత్ర ఎంత ఖరీదైనదో రక్తశుద్ధి యంత్రం దగ్గర కూర్చున్న కుటుంబాలను అడగండి.

మరొక మాట. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇప్పుడు దొరుకుతున్నది. చైనాలో 600 గ్రామాలలో సుమారు 21 వేలమందిపై దాదాపు ఐదేళ్లు జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, అటువంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గినది. శుభవార్తే. కానీ మూత్రపిండాలు బలహీనమైనవారి రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉన్నది. మన ప్రాంతంలో తమకు ఆ వ్యాధి ఉన్నదని తెలియనివారే ఎక్కువ. అందుచేత క్రియాటినిన్ పరీక్ష, మూత్రపరీక్ష చేయించుకోకుండా ఆ ఉప్పు జోలికి పోవద్దు. బంధువు విశాఖ నుండి ప్రేమతో తెచ్చి ఇచ్చినా సరే.

ఆహారం గురించి పెద్దగా చెప్పను, మీకు తెలిసినదే. తెల్లని అన్నం రాశి తగ్గించి, కూర రాశి పెంచండి. చోళ్లను మన నాయనమ్మలు వదలలేదు, మనం వదిలాము. వంద గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దరిదాపులలో కాల్షియం ఉన్నది, మరే ధాన్యంలోనూ అంత లేదు. తోటకూర, మునగాకు, పెసలు, ఉలవలు, కాలానికి దొరికే పండు. ఇవి చాలును.

నడక గురించి మాత్రం ఒక లెక్క చెబుతాను. పర్లాకిమిడి చిన్నరైలు ఎక్కడానికి చుట్టుప్రక్కల పల్లెలవారు మన జంక్షనుకు నడిచే వచ్చేవారు. 1900లో మొదలైన ఆ చిన్నబండి 2004లో ఆగినది, 2011 నాటికి గుణుపురం దాకా పెద్దలైను వచ్చినది. ఇప్పుడు స్టేషనుకు ఎవరూ నడిచి రావడం లేదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కొత్త ప్రాకారం లోపల నేను గడియారం పెట్టుకుని చూశాను. నా అడుగుకు ఒక ప్రదక్షిణ రెండు నిమిషాలు. రోజూ పదకొండు చేస్తే 22 నిమిషాలు, వారానికి 154. అయితే ఆ నడకలో నామం చెప్పుకోగలగాలి కాని కీర్తన పాడలేనంత వేగం ఉండాలి. పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటూ చేసే ప్రదక్షిణలకు పుణ్యం వస్తుందేమో, అది అర్చకస్వాములు చెప్పాలి. నా లెక్కలోనికి అవి రావు.

ఒక ప్రాంతానికే వ్యాధి పేరు పడితే ఏమి చేయగలం అని నిరాశపడేవారికి ఫిన్లండు దేశంలోని ఉత్తర కరేలియా సంగతి చెబుతాను. గుండెజబ్బు మరణాలలో ఆ ప్రాంతం లోకానికే పేరు మోసినది. 1971లో అక్కడి ప్రజలే తమ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు, 1972లో పని మొదలైనది. వెన్న తగ్గించడం, ఉప్పు తగ్గించడం, పొగ మానడం, రక్తపోటు చూపించుకోవడం. గృహిణుల సంఘాలు ఇల్లిల్లూ తిరిగి వంట మార్చినవి. నాలుగు దశాబ్దాలలో నడివయస్సు పురుషులలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. అన్నదానంలో విస్తరి వేయగానే ఉప్పు, ఊరగాయ వడ్డించే ఆచారాన్ని కొంచెం సవరించి, అడిగినవారికే వడ్డించండి. ప్రసాదం పులిహోరలో ఉప్పు వంటస్వామి చేతివాటానికి విడువక కొలత పెట్టండి. ఈ రెండింటికీ అధ్యక్షులవారు నిన్ననే సమ్మతించారు. పందిరి విషయమై ఇద్దరు ఉప్పు రైతులు ఇందాక వచ్చి నాతో మాట్లాడారు. పేర్లు చెప్పవద్దన్నారు గనుక చెప్పడం లేదు.

ప్రతిష్ఠ అయిన నాటి నుండి 48 రోజులు మండలాభిషేకాలు జరుగుతాయి. నలుగురు పెద్దలున్న ఇంటికి 48 రోజులకు కావలసిన ఉప్పు 960 గ్రాములు, అంటే ఒక్క కిలో పాకెట్టు. ప్రతిష్ఠనాడు కొత్త పాకెట్టు విప్పి తేదీ వేయండి. మండలం పూర్తయ్యేసరికి అది ఉన్నదో, రెండవది విప్పవలసివచ్చినదో మీకే తెలుస్తుంది. మా ఇంట్లోనూ ఆ రోజే విప్పుతున్నాము.

ఆ 48 రోజులు ఉదయం 6 గంటల నుండి 8 గంటల వరకు, ఈ మండపం ఈశాన్య స్తంభం దగ్గర బల్ల వేసుకుని నేను కూర్చుంటాను. ముప్పై దాటిన ప్రతివారూ రావచ్చును. కాఫీ త్రాగకుండా, పొగ త్రాగకుండా రండి. వచ్చి ఐదు నిమిషాలు ఊరకే కూర్చోండి. వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా ఉండాలి. 140కి, 90కి మించి వస్తే భయపడనవసరం లేదు, మరొక రోజు మళ్లీ చూస్తాను. అప్పుడూ అలాగే ఉంటే చీటీ వ్రాసి ఇస్తాను. దానిని తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, ఊరి ఉపకేంద్రానికి గాని వెళ్లండి. ఉపకేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం 2023లో ఆరోగ్య మందిరాలని పేరు పెట్టినది, అవీ మందిరాలే అనుకుని వెళ్లండి. మాత్రలు అక్కడ ఉచితం. మొదలుపెట్టిన మాత్రను బాగుందని మీ అంతట మీరు ఆపకండి.

నడవలేని పెద్దవారు ఇంట్లో ఉంటే వారి పేరు, వీధి పేరు నా బల్ల మీది పుస్తకంలో వ్రాసి వెళ్లండి. సాయంత్రం పరికరం తీసుకుని నేనే వస్తాను. తండ్రిగారిని చేయి చాచమని అడగడానికి సంకోచపడే కుమారులు కూడా ఆ పుస్తకంలో వ్రాయవచ్చును.